గర్భిణికి రక్తపరీక్ష: ఏది, ఎప్పుడు, ఎందుకు?

నెల తప్పిన సంగతిని మూడవ నెల నిండేవరకు బయటపెట్టకపోవడం మన ఇండ్లలో చాలాకాలంగా ఉన్న ఆచారం. దిష్టి తగులుతుందని కొందరు, నిలుస్తుందో లేదో చూద్దామని కొందరు ఈ మాటను గుట్టుగా ఉంచుతారు. ఐరాల మండలంలో కొత్త దంపతులు కాణిపాకం వరసిద్ధి వినాయకునికి మొక్కుకొని వచ్చినా, ఆ మొక్కు దేనికో ఇరుగు పొరుగుకు తెలియనివ్వరు. ఈ ఆచారంలోని సున్నితత్వాన్ని మేము తప్పు పట్టము. అయితే ఆ గుట్టు ఇరుగు పొరుగు వరకే ఉండాలి గాని ఆశా కార్యకర్త దగ్గర, వైద్యుని దగ్గర పనికిరాదు. గర్భస్థ శిశువు గుండె, కన్ను, చెవి, మెదడు రూపుదిద్దుకొనేది ముఖ్యంగా ఆ మూడు నెలలలోనే. తల్లి రక్తం నుంచి మాయను దాటి బిడ్డను చేరగల కొన్ని వైరస్‌లు తీవ్రమైన హాని చేసేదీ అప్పుడే.

గర్భిణిని ఎలా చూసుకోవాలో చెప్పినప్పుడు చరకుడు ఆమెను అంచుల వరకు నూనె నిండిన పాత్రతో పోల్చాడు. పాత్రను కదిలించకుండా మోసేవాని జాగ్రత్త ఆమె విషయంలో ఇంటిల్లిపాదికీ ఉండాలని భావం. గర్భానికి హాని చేసే విషయాలను కూడ శారీరస్థానంలో వివరించాడు. ఇక సుశ్రుతుడు జ్వరం, నేత్రాభిష్యందం వంటి వ్యాధులు ఒకరినొకరు తాకడం వల్ల, ఊపిరి సోకడం వల్ల, కలిసి భుజించడం వల్ల, ఒకే పడకను, ఒకే వస్త్రాన్ని వాడడం వల్ల మనిషి నుంచి మనిషికి సంక్రమిస్తాయని నిదానస్థానంలో స్పష్టంగా చెప్పాడు. అంటు అనే భావన మనకు కొత్తది కాదు. అయితే పైకి ఏ లక్షణమూ కనబడని తల్లి రక్తంలో దాగిన వైరస్‌ను కనిపెట్టే సాధనం ఆనాడు లేదు. ఈనాడు ఉన్నది. నాడి పట్టి హెపటైటిస్-బి ఉన్నదో లేదో చెప్పగల వైద్యుడు లేడు. చెప్పగలనన్న వారిని నమ్మరాదు. ఈ విషయంలో ఆయుర్వేదాభిమానులమైన మేము రక్తపరీక్ష పక్షమే.

ఐతే పరీక్ష చేయించినంత మాత్రాన బిడ్డకు రక్షణ కలుగదు. ఒక్కొక్క వైరస్‌కు ఒక్కొక్క సమయం ఉన్నది. ఆ సమయం దాటిన తరువాత అదే పరీక్ష చాలావరకు భయపెట్టడానికే పనికివస్తుంది.

పెండ్లికి ముందు చూడవలసినది: రుబెల్లా

రుబెల్లాను జర్మన్ తట్టు అని కూడ అంటారు. పిల్లలకు వస్తే రెండు మూడు రోజులు కొద్దిపాటి జ్వరం, ఒంటిమీద ఎర్రని దద్దు, చెవుల వెనుక బిళ్ళలు. అంతే. ఎవరూ పట్టించుకోరు. ఇంత తేలికైన వ్యాధి కడుపులోని బిడ్డను ఎంతగా దెబ్బతీస్తుందో 1941లో ఆస్ట్రేలియాకు చెందిన నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ గుర్తించాడు. పుట్టుకతోనే కంటిలో శుక్లాలున్న పసివాళ్ళు ఒకరి తరువాత ఒకరు తన దగ్గరకు వస్తుంటే, ఆ తల్లులను విచారించాడు. వారిలో అత్యధికులకు గర్భం తొలి దినాలలో రుబెల్లా వచ్చినట్లు తేలింది. కంటి శుక్లాలు, చెవుడు, గుండెలో లోపం ఈ వ్యాధి మిగిల్చే మూడు ప్రధాన గుర్తులు. గర్భం తొలినాళ్ళలో సోకితే బిడ్డకు చేరే అవకాశం 90 శాతం వరకు ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ ఈ ప్రమాదం తగ్గుతుంది.

దీనికి కడుపులో ఉండగా చికిత్స లేదు. టీకా ఉన్నది గాని అది బ్రతికి ఉన్న, బలహీనపరచిన వైరస్‌తో చేసినది కనుక గర్భిణికి వేయరాదు. వేయించుకున్న తరువాత ఒక నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. అనగా రుబెల్లా విషయంలో సరైన సమయం గర్భానికి ముందే. తెలియక గర్భంతో టీకా వేయించుకున్న వారు మాత్రం భయపడి గర్భాన్ని తీయించుకోనక్కర లేదు. వైద్యునికి చెప్పి పరీక్షలు కొనసాగిస్తే చాలు.

మన రాష్ట్రంలో 2017 ఆగస్టులో 9 నెలలు నిండిన పిల్లల నుంచి 15 సంవత్సరాల లోపు వారందరికీ తట్టు-రుబెల్లా టీకాలను పాఠశాలలలో, అంగన్‌వాడీలలో వేశారు. అప్పుడు 14 ఏండ్ల బాలిక 2025 నాటికి 22 ఏండ్ల యువతి. కావున ఐరాలలో గాని, మరెక్కడ గాని, ఇప్పుడు తొలిసారి తల్లులవుతున్న పిల్లలలో చాలామందికి ఆ రక్షణ ఉన్నట్లే. వారి అక్కలకు, వదినెలకు మాత్రం లేకపోవచ్చు. ఇంట్లో పెండ్లి కుదిరినప్పుడు నగలు, చీరెల జాబితాతో పాటు ఈ ఒక్క ప్రశ్న కూడ వేసుకోండి: అమ్మాయికి రుబెల్లా టీకా పడినదా? తెలియకపోతే రుబెల్లా ఐజీజీ పరీక్షతో తెలుసుకోవచ్చు, లేదా పెండ్లికి నెల రెండు నెలల ముందే టీకా వేయించవచ్చు. ముందే రక్షణ ఉన్నవారికి మరొకసారి వేసినా నష్టం లేదు.

మొదటి పరీక్షలోనే చూడవలసినది: హెపటైటిస్-బి

ఇది కాలేయానికి సోకే వైరస్. పెద్దవారికి సోకితే ఎక్కువమంది దానిని జయించి బయటపడతారు. పుట్టుకతో సోకిన బిడ్డలలో మాత్రం సుమారు 90 శాతం మందికి జీవితాంతం నిలిచిపోతుంది. ముప్పై, నలభై ఏండ్ల తరువాత కాలేయం గట్టిపడడం, కాలేయ క్యాన్సర్ వంటి రూపాలలో బయటపడుతుంది. తల్లికి ఏ బాధా ఉండదు. కామెర్లు వచ్చి ఉండాలనే నియమం లేదు. రక్తంలో ఇ-యాంటిజెన్ కూడ ఉన్న తల్లి నుంచి, ఏ జాగ్రత్తా తీసుకోకపోతే, నూటికి 70 నుంచి 90 మంది బిడ్డలకు ఇది సంక్రమిస్తుంది.

ఇంతటి ప్రమాదంలోనూ ఒక ఊరట ఉన్నది. ఈ వైరస్ కడుపులో ఉన్నప్పటికంటే ప్రసవ సమయంలోనే ఎక్కువగా బిడ్డకు అంటుతుంది. కనుక బిడ్డ భూమిమీద పడిన వెంటనే అడ్డుకట్ట వేయవచ్చు. పుట్టిన 24 గంటల లోపల హెపటైటిస్-బి టీకా, తల్లికి వ్యాధి ఉన్నదని తెలిసినప్పుడు 12 గంటల లోపల ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మరొక సూదిమందు, ఆ తరువాత 6, 10, 14 వారాలకు వేసే టీకాలు. ఇవన్నీ సక్రమంగా పడితే బిడ్డలలో అత్యధికులు తప్పించుకుంటారు. తల్లి రక్తంలో వైరస్ మరీ ఎక్కువగా ఉంటే గర్భం చివరి నెలలలో ఆమెకు టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు. చనుబాలు ఇవ్వడానికి అభ్యంతరం లేదు. ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఖరీదైనది, అన్ని ఊళ్ళలో నిలువ ఉండదు. అందుచేత ఫలితం ప్రసవపు గదిలో కాదు, నెలల ముందుగానే తెలిసి ఉండాలి.

టీకా విషయంలో మన తెలుగువారు గర్వించదగిన సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1990ల మొదట్లో ఈ టీకా విదేశాల నుంచి వచ్చేది. ఒక్క సూది ధరే వందల రూపాయలు. మధ్యతరగతి ఇంటికి కూడ అది భారమే. నెల్లూరు ప్రాంతానికి చెందిన వరప్రసాద్ రెడ్డి హైదరాబాదులో 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997 ఆగస్టులో ఇదే టీకాను జన్యు విధానంలో మన దేశంలోనే తయారుచేసి విడుదల చేసింది. ధర ఎన్నో రెట్లు తగ్గింది. ఆ సంస్థకు పెట్టిన పేరు ఆయన తల్లి శాంతమ్మగారిది. 2011 నాటికి ఈ టీకా దేశమంతటా ప్రభుత్వ టీకాల పట్టికలో చేరింది.

ఇక నేల ఉసిరిక సంగతి. మన జిల్లాలో కామెర్లనగానే పసరు మందు కోసం పరుగెత్తడం పరిపాటి. ఆ పసరులలో నేల ఉసిరిక ముఖ్యమైనది. దీనిని శాస్త్రజ్ఞులు చిన్నచూపు చూశారనడం సరికాదు. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్‌తో కలిసి, నేల ఉసిరిక చూర్ణాన్ని 30 రోజులు ఇచ్చి చూశారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైనదనీ, ఉత్త మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగినదనీ ప్రకటించారు. దేశమంతా సంతోషించింది. కాని ఆ తరువాత ఇతర చోట్ల చేసిన పరీక్షలలో అటువంటి ఫలితం మళ్ళీ రాలేదు. ఈ మూలికమీద అభిమానమున్న మాకు ఆ వార్త రుచించలేదు. అయినా నిజం నిజమే. గర్భిణికి హెపటైటిస్-బి ఉన్నదని తేలినప్పుడు నేల ఉసిరికను నమ్ముకొని బిడ్డ టీకాను వదలడం క్షమించరాని పొరపాటు.

మరొక మాట. నిండు నెలలలో కామెర్లు వస్తే అది కలుషిత జలం వల్ల వచ్చే హెపటైటిస్-ఇ కావచ్చు. మామూలు మనిషికి కొద్ది వారాలలో తగ్గిపోయే ఈ వ్యాధి, చివరి మూడు నెలలలో ఉన్న గర్భిణులలో నూటికి 20, 25 మంది ప్రాణాలు తీయగలదు. బిడ్డకూ సోకుతుంది. పసరు పోయించి పథ్యం పెట్టి వారం రోజులు వేచి చూసే జబ్బు కాదిది. అదే రోజు పెద్దాసుపత్రికి చేర్చాలి. వానాకాలంలో గర్భిణికి కాచి చల్లార్చిన నీరే ఇవ్వండి.

హెచ్.ఐ.వి.: తల్లి పరీక్ష బిడ్డకు రక్ష

మన దేశంలో ఈ వైరస్‌ను మొదట కనిపెట్టినది మనకు పొరుగున ఉన్న వేలూరులోనే. 1986లో మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్న సెల్లప్పన్ నిర్మల, డాక్టర్ సునీతి సోలమన్ పర్యవేక్షణలో సేకరించిన రక్తపు నమూనాలను తీసుకొని వేలూరు సి.ఎం.సి.కి వెళ్ళింది. పరీక్ష సౌకర్యం అక్కడ ఉన్నది. ఆరు నమూనాలలో వైరస్ జాడ కనిపించింది. చిత్తూరు మీదుగా మనవారు ఏండ్ల తరబడి వైద్యానికి వెళ్ళివస్తున్న ఆసుపత్రే అది.

ఆ తరువాతి రెండు దశాబ్దాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ఈ వ్యాధి అధికంగా ఉన్న ఆరు రాష్ట్రాలలో ఒకటైనది. ఏ చికిత్సా లేకపోతే సోకిన తల్లుల బిడ్డలలో నూటికి 15 నుంచి 45 మందికి ఇది సంక్రమిస్తుంది. గర్భంలో కొందరికి, ప్రసవంలో మరి కొందరికి, చనుబాల ద్వారా ఇంకొందరికి. మొదట్లో ప్రసవ సమయంలో తల్లికి ఒక్క నెవిరపిన్ మాత్ర, బిడ్డకు కొన్ని చుక్కల మందు మాత్రమే ఇచ్చేవారు. అది సగం రక్షణ. 2014 నుంచి దేశమంతటా, వ్యాధి నిర్ధారణ అయిన ప్రతి గర్భిణికీ వెంటనే మొదలుపెట్టి జీవితాంతం మందులు ఉచితంగా ఇస్తున్నారు. మందులు క్రమం తప్పకుండా వాడితే బిడ్డకు సోకే ప్రమాదం నూటికి 5 కంటె తక్కువ. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ఐదవ నెలలో తెలిసినదానికీ, నొప్పులు వచ్చిన తరువాత తెలిసినదానికీ చాలా తేడా ఉన్నది.

ఈ పరీక్షలో వైద్యానికి మించిన చిక్కు ఒకటున్నది. ఇంట్లో మొదట పరీక్ష జరిగేది గర్భిణికే. అందుచేత ఫలితం ఆమె పేర వచ్చినప్పుడు దోషం కూడ ఆమెదేనని అత్తవారు తీర్మానిస్తారు. మొదట తెలిసిన మనిషి వేరు, మొదట సోకిన మనిషి వేరు. భర్తకూ అదే వారంలో పరీక్ష జరగాలి. నిజానికి గర్భిణికి రక్తం తీసే రోజునే భర్త కూడ చేయి చాపితే ఈ గొడవ చాలావరకు ఉండదు. ఈ పరీక్షకు ఆమె సమ్మతి కావాలి. ఫలితాన్ని ఆమె అనుమతి లేకుండా ఇతరులకు చెప్పరాదు. 2017 నాటి చట్టం ఈ రెండింటినీ నిర్దేశించింది. అత్తగారైనా ఆ ఇతరులలోనే చేరుతారు.

టార్చ్ రిపోర్టు: భయాలకు మూలం

ఒకటి రెండుసార్లు గర్భం పోయిన ఆడపిల్లలకు పట్నపు ప్రయోగశాలలలో టార్చ్ అనే పరీక్షల కట్టను చేయించడం సాధారణమైపోయింది. టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో వైరస్, హెర్పిస్ మొదలైన వాటి తొలి అక్షరాలతో 1971లో నహ్మియాస్ అనే వైద్యుడు కూర్చిన పేరిది. ఇందులో టాక్సోప్లాస్మా అసలు వైరస్సే కాదు, ఒక పరాన్నజీవి. రిపోర్టులో ఎర్ర అక్షరాలతో 'పాజిటివ్' అని కనబడగానే ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. మూడు నెలల గర్భాన్ని తీయించమంటారా అని ఆ కాగితం చేతబట్టుకొని వచ్చేవారిని మేము తరచు చూస్తుంటాము. వారిలో చాలామంది తెచ్చినది ఐజీజీ పాజిటివ్ మాత్రమే.

ఇక్కడ కొంచెం ఆగి అర్థం చేసుకోవాలి. వైరస్ ప్రవేశించినప్పుడు శరీరం రెండు రకాల రక్షక పదార్థాలను తయారుచేస్తుంది. మొదట వచ్చేది ఐజీఎం, ఇది సాధారణంగా ఇటీవలి వ్యాధిని సూచిస్తుంది. తరువాత వచ్చి ఏండ్ల తరబడి నిలిచేది ఐజీజీ. ఇది మానిపోయిన పుండు మచ్చ వంటిది. ఎప్పుడో చిన్ననాడు వచ్చిపోయినదని, లేదా టీకా పడినదని చెబుతుంది. రుబెల్లా ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగటివ్ అంటే శుభవార్తే. మన దేశంలో పెద్దవారిలో దాదాపు అందరికీ సైటోమెగలో వైరస్ ఐజీజీ పాజిటివ్‌గానే ఉంటుంది.

మరి ఐజీఎం పాజిటివ్ వస్తే? అప్పుడు కూడ తొందరపడరాదు. ఐజీఎం కొందరిలో నెలల తరబడి నిలిచిపోతుంది. ఇతర జ్వరాలలో తప్పుగా కనిపించడమూ ఉన్నది. రెండు మూడు వారాల తరువాత మరల పరీక్షించి ఐజీజీ పెరుగుతున్నదా అని చూస్తారు. అవిడిటీ అనే పరీక్షతో వ్యాధి కొత్తదా పాతదా అని అంచనా వేస్తారు. అప్పటికీ అనుమానం తీరకపోతే ఐదవ నెల నిండిన తరువాత ఉమ్మనీటిని సూదితో తీసి అందులో వైరస్ ఉన్నదేమో చూస్తారు. బిడ్డకు సోకినదా లేదా అనే ప్రశ్నకు సూటిగా జవాబిచ్చేది ఇదే. దీనికి 1994 నాటి గర్భస్థ పిండ పరీక్షల చట్టం క్రింద నమోదైన కేంద్రం, నిపుణుడు, తల్లి వ్రాతపూర్వక సమ్మతి అవసరం. బిడ్డకు సోకినా అందరు బిడ్డలకూ లోపం రాదు. స్కానింగులో ఎదుగుదల చూస్తూ ముందుకు వెళ్ళాలి. ఒక్క కాగితాన్ని చూసి గర్భం తీయించుకొన్న తరువాత, ఆ ఐజీఎం తప్పని తెలిసి ప్రయోజనమేమి?

వరుసగా గర్భస్రావాలు కావడానికి ఈ వైరస్‌లు సాధారణంగా కారణం కావు. ఏ లక్షణమూ లేని ప్రతి గర్భిణికీ టార్చ్ చేయించడం వృథా వ్యయమని మా అభిప్రాయం. ఒంటిమీద దద్దుతో జ్వరం వచ్చినా, తట్టు వంటి వ్యాధి ఉన్నవారి దగ్గర మెలగినా, స్కానింగులో అనుమానం వచ్చినా అప్పుడు తగిన పరీక్ష ఒక్కటే చేయిస్తే చాలు.

ఇంట్లో చేయవలసినవి

అమ్మవారు పోసిన ఇంటికి చూలాలిని పోనివ్వకపోవడం మన పెద్దల కట్టుబాటు. ఇది అక్షరాలా మంచి నియమం. చిన్నతనంలో ఆటలమ్మ రాని గర్భిణికి అది సోకితే ఊపిరితిత్తులకు ప్రమాదం. ప్రసవానికి ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తరువాత వరకు తల్లికి పోస్తే పసిబిడ్డకు ప్రాణాపాయం. వేపాకులు కట్టండి, తప్పులేదు. అలా దగ్గర మెలగినదని తెలిస్తే మాత్రం వెంటనే వైద్యునికి చెప్పండి. కొద్ది రోజుల లోపల ఇవ్వగల రక్షణ సూది ఉన్నది.

ఎంగిలి విషయంలో మనది కఠినమైన మర్యాదే. కాని తల్లి పెద్దబిడ్డ విడిచిన అన్నాన్ని తానే తినడం మాత్రం ఎవరూ ఎంగిలిగా భావించరు. సైటోమెగలో వైరస్ చిన్నపిల్లల లాలాజలంలో, మూత్రంలో చాలాకాలం ఉంటుంది. మరల గర్భం ధరించిన తల్లి ఆ కొద్ది నెలలు బిడ్డ మిగిల్చినది తినకుండా ఉండడం, గుడ్డలు మార్చిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం మంచిది. సహభోజనం గురించి సుశ్రుతుడు చెప్పినది ఇక్కడ గుర్తుకు వస్తుంది.

వేవిళ్ళకు పేలాల జావ, దానిమ్మ రసం, చిటికెడు శొంఠి వంటివి నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. జ్వరమనగానే నేలవేము కషాయం కాచిపోయడం మన వైపు అలవాటు. దానిని గర్భిణికి ఇవ్వరాదు. పేరు తెలియని పసరులు, భస్మాలు అంతకంటె పనికిరావు. ఏ కషాయమూ వైరస్‌ను మాయ దగ్గర ఆపుతుందని ఇంతవరకు రుజువు కాలేదు.

పుట్టినింటికి వెళ్ళేటప్పుడు

మన ఆడపిల్లలను గుడియాత్తం, వేలూరు, బెంగుళూరు వైపు కూడ ఇస్తుంటాము. తొలి కాన్పుకు ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో ఐరాలకు తీసుకువస్తాము. సీమంతపు చీరెలు, గాజులు, తినుబండారాలు అన్నీ వస్తాయి. పరీక్షల కాగితాలు మాత్రం అత్తవారింటి బీరువాలో ఉండిపోతాయి. ప్రసవం చేసే వైద్యురాలికి తల్లి హెపటైటిస్-బి ఫలితం తెలియకపోతే ఆ 12 గంటలు ఎలా గడిచిపోయినవో ఎవరికీ తెలియదు. హెచ్.ఐ.వి. మందులు వాడుతున్న తల్లి సిగ్గుతో చెప్పకపోతే బిడ్డకు పడవలసిన మందు పడదు.

కాబట్టి మాతాశిశు సంరక్షణ కార్డును, రక్తపరీక్షల అసలు కాగితాలను, స్కానింగు రిపోర్టులను ఒక సంచిలో పెట్టి అమ్మాయి చేతికే ఇవ్వండి. కాగితాలు లేకుంటే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మరల పరీక్ష చేయించండి. 2016 నుంచి ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేకంగా ఉచిత పరీక్షలు జరుగుతున్నవి. కాన్పు అయిన రోజు సాయంత్రమే, హెపటైటిస్-బి టీకా బిడ్డకు పడినదా అని నర్సును అడిగి కార్డులో తేదీ వేయించండి. తల్లికి హెచ్.ఐ.వి. ఉన్నట్లయితే బిడ్డకు ఆరవ వారంలో మడమ నుంచి కొన్ని రక్తపు చుక్కలు తీసి ప్రత్యేక పరీక్షకు పంపుతారు. మామూలు యాంటీబాడీ పరీక్షలో 18 నెలల వరకు తల్లి నుంచి వచ్చినవే కనిపించవచ్చు గనుక అది అప్పుడు పనికిరాదు. బిడ్డ టీకాలూ అదే ఆరవ వారంలో ఉంటాయి. రెండు పనులూ ఒకే ప్రయాణంలో ముగించుకొని రావచ్చు.